చిన్న విమానంలో హ్యాండ్‌హెల్డ్ ఏవియేషన్ రేడియో: కొనడం, అమర్చుకోవడం, అవసరానికి వాడటం

హ్యాండ్‌హెల్డ్ రేడియో ఒకటి కొని ఫ్లైట్ బ్యాగులో పడేస్తే, ప్యానెల్ రేడియో (విమానంలో బిగించి ఉన్నది) పోయినా బెంగలేదని అనుకునేవాళ్లు చాలామంది. ఇంజిన్ తిరుగుతున్న సెస్నా 152లో దాన్ని ఒక్కసారి చెవి దగ్గర పెట్టుకుంటే సంగతి తెలుస్తుంది. వాల్యూమ్ చివరిదాకా తిప్పినా టవర్ మాట వినపడదు. మనం మాట్లాడితే అవతలివాళ్లకు ఇంజిన్ హోరే ఎక్కువగా చేరుతుంది. రేడియో మీదున్న పొట్టి రబ్బరు యాంటెన్నా అల్యూమినియం డొప్ప లోపల ఉండిపోతుంది కాబట్టి సిగ్నల్లో చాలా భాగం బయటికే రాదు. అందుకే ఇక్కడ రేడియో మోడళ్ల కంటే హెడ్‌సెట్ కేబుల్‌కీ, బయటి యాంటెన్నాకీ ఎక్కువ చోటు ఇస్తున్నాం. చేతిలో ఉన్న డబ్బు కొద్దిగానే అయితే ఫీచర్లు తక్కువున్న రేడియో కొని, మిగిలింది ఆ రెండింటి మీద పెట్టండి.

హైదరాబాద్‌లో ఎగిరేవాళ్లకు ఈ విషయం మరీ ముఖ్యం. బేగంపేటను కేంద్రంగా పెట్టుకుని చూస్తే హకీంపేట, దుండిగల్, నాదర్‌గుల్, శంషాబాద్ అన్నీ పాతిక కిలోమీటర్ల లోపే ఉన్నాయి. 90 నాట్ల వేగంతో పోయే శిక్షణ విమానం ఐదు నిమిషాల్లో దాదాపు 14 కిలోమీటర్లు దాటుతుంది. ఆ ఐదు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా తప్పు దిక్కుకు పోతే వాయుసేన శిక్షణ జరిగే చోటికో, పెద్ద జెట్లు దిగే దారిలోకో చేరిపోవచ్చు.

## ముందు కాగితాలు

118 నుంచి 137 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న విమాన బ్యాండ్ మన దేశంలో లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్ కాదు. మాట్లాడే మనిషికి ఆర్‌టీఆర్-ఏ (విమాన రేడియో వాడే) అర్హత ఉండాలి. ఈ పరీక్షను చాలా ఏళ్లు టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నిర్వహించింది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ ఆ అధికారాన్ని పౌర విమానయాన డైరెక్టరేట్ డీజీసీఏకు ఇచ్చింది. సెట్టుకు వేరే అనుమతి కావాలి, అది డబ్ల్యూపీసీ పరిధిలోని పని. అమెరికా నుంచి వచ్చే చుట్టాల సూట్‌కేసులో తెప్పించుకుంటే కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు, ఆగకపోయినా అది అనుమతి లేని వైర్‌లెస్ సెట్టుగానే మిగులుతుంది. మీ ఫ్లయింగ్ క్లబ్ ఇంజినీరింగ్ విభాగంతో మాట్లాడి, విమానం వైర్‌లెస్ లైసెన్స్‌లో ఈ సెట్టును ఎలా చేర్పించాలో తెలుసుకోండి. అనుమతి కాగితం చేతికొచ్చాకే దుకాణంలో డబ్బు కట్టండి.

## ఏ రేడియో కొనాలి

మొట్టమొదట చూడాల్సింది మాడ్యులేషన్, అంటే మాటను తరంగం మీద ఎక్కించే పద్ధతి. విమానాల మాటలన్నీ ఏఎం మీద నడుస్తాయి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే చైనా వాకీటాకీలు ఎఫ్ఎం మీద పంపుతాయి, ఎక్కువ వాటి ప్రసారం 136 మెగాహెర్ట్జ్ పైన మొదలవుతుంది. కొన్ని మోడళ్లు విమానాల మాటలు వినిపిస్తాయి కూడా, దాంతో కొన్నవాళ్లు మాట్లాడటానికీ పనికొస్తుందని మోసపోతారు. ఏఎం వాడటానికి కారణం ఉంది. ఇద్దరు ఒకేసారి పీటీటీ (మాట్లాడటానికి నొక్కే బటన్) నొక్కితే ఏఎంలో కీచుమనే ఈల వినపడుతుంది, మాటల మీద మాటలు పడ్డాయని కంట్రోలర్‌కు వెంటనే తెలుస్తుంది. ఎఫ్ఎంలో బలమైన సిగ్నల్ బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది. రెండోవాడు పిలిచాడన్న సంగతే ఎవరికీ తెలియదు.

తర్వాత పవర్. డబ్బా మీద 5 వాట్లు, 6 వాట్లు అని రాసి ఉండేది పీఈపీ, అంటే మాట్లాడేటప్పుడు శిఖరంలో వచ్చే పవర్. ఏఎంలో పూర్తి మాడ్యులేషన్ దగ్గర పీఈపీ క్యారియర్‌కు (మాట లేనప్పుడూ వెళ్లే మూల తరంగానికి) నాలుగింతలు. యాయెసూ ఎఫ్‌టీఏ-250ఎల్, ఎఫ్‌టీఏ-550 వంటివాటిలో క్యారియర్ 1.5 వాట్లు, ఐకామ్ ఐసీ-ఏ16, ఐసీ-ఏ25ఎన్‌లలో 1.8 వాట్లు. ప్యానెల్ రేడియోలో సాధారణంగా 10 వాట్ల క్యారియర్ ఉంటుంది. హ్యాండ్‌హెల్డ్‌లు రెండింటి మధ్య ఉన్న 0.3 వాట్ల తేడా మీకు చెవికి తెలియదు, దాని కోసం అదనంగా ఖర్చు పెట్టకండి. యాంటెన్నాను కిటికీ లోపల నుంచి రెక్క మీదికి మార్చితే వచ్చే తేడా మాత్రం మొదటి పిలుపులోనే తెలుస్తుంది.

కామ్ (మాటలు) ఒక్కటే ఉన్నదా, నావ్ (దారి చూపడం) కూడా ఉన్నదా అన్నది అందరూ తర్జనభర్జన పడే విషయం. ఎఫ్‌టీఏ-550లో వీఓఆర్ (నేల మీది స్టేషన్ నుంచి మన దిశ), లోకలైజర్ (రన్‌వే మధ్య గీత) చూపిస్తుంది. ఎఫ్‌టీఏ-750లో గ్లైడ్‌స్లోప్ (దిగే వాలు), జీపీఎస్ కూడా ఉన్నాయి. ఏ25ఎన్‌లో వీఓఆర్‌తో పాటు జీపీఎస్, బ్లూటూత్ ఉన్నాయి. రబ్బరు యాంటెన్నాతో కాక్‌పిట్ లోపల వీఓఆర్ సూది నిలకడగా నిలవదు. కరెంటు పోయిన విమానంలో ఒక చేత్తో యోక్ (విమానం స్టీరింగ్) పట్టుకుని ఆ చిన్న తెర మీద రేడియల్ లెక్క చూసుకోవడం కష్టమే. జీపీఎస్ ఉంటే పనికొస్తుంది, కానీ టాబ్లెట్‌లో మ్యాప్ పెట్టుకునేవాళ్లకు అది రెండోసారి కొన్నట్టే. మా అభిప్రాయం: పగటిపూట వీఎఫ్ఆర్‌లో (కళ్లతో బయటికి చూస్తూ) ఎగిరేవాళ్లకు కామ్ మాత్రమే ఉన్న సెట్టు చాలు.

కొనే ముందు చేత్తో పట్టుకుని చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫ్రీక్వెన్సీ నేరుగా అంకెల బటన్లతో కొట్టే వీలుందా? ఎగుడుదిగుడు గాలిలో నాబ్ తిప్పుతూ 118 నుంచి 132 దాకా వెళ్లడం చిరాకు. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు గరగరను ఆపే అమరిక) ఒక్క బటన్‌తో తెరుచుకుంటుందా, లేక మెనూలో దాక్కుందా? అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5కు వెళ్లే బటన్ పొరపాటున నొక్కుకుపోయే చోట ఉందా? యాంటెన్నా కనెక్టర్ బీఎన్‌సీనా, ఎస్ఎంఏనా? ఎస్ఎంఏ అయితే బీఎన్‌సీకి మార్చే అడాప్టర్ అప్పుడే కొనండి. వాతావరణ ఛానెళ్ల పేరుతో డబ్ల్యూఎక్స్ బటన్ ఉంటుంది, అది అమెరికా ప్రసారాల కోసం. ఇక్కడ దాంతో పని లేదు.

రీఛార్జ్ బ్యాటరీతో పాటు ఏఏ సెల్స్ పట్టే పెట్టె దొరికే మోడల్ తీసుకోండి. నెలల తరబడి బ్యాగులో ఉన్న లిథియం అయాన్ ప్యాక్ అవసరం వచ్చిన రోజున నిండుగా ఉంటుందని చెప్పలేం. కొత్త ఏఏ సెల్స్ ఏళ్ల తరబడి నిలుస్తాయి. కొన్ని రేడియోలు ఏఏ సెల్స్ మీద తక్కువ పవర్‌తోనే ప్రసారం చేస్తాయి, ఆ సంగతి మాన్యువల్‌లో చూసుకోండి.

## హెడ్‌సెట్ కేబుల్ లేకపోతే రేడియో లేనట్టే

మన శిక్షణ విమానాల్లో వాడే హెడ్‌సెట్‌కు రెండు ప్లగ్గులు ఉంటాయి. లావుగా ఉన్న 6.35 మిల్లీమీటర్లది వినడానికి, సన్నగా ఉన్న 5.23 మిల్లీమీటర్లది మైకుకు. రేడియోకు సరిపోయే అడాప్టర్ కేబుల్‌ను ఆ కంపెనీదే తీసుకోండి. స్పోర్టీస్ పీజే2లో ఈ రెండు రంధ్రాలూ సెట్టు మీదే ఉన్నాయి, అడాప్టర్ పోగొట్టుకునే భయం లేదు. హెలికాప్టర్ హెడ్‌సెట్‌కు ఒకే ప్లగ్గు ఉంటుంది. కరెంటు ప్యానెల్ నుంచి తీసుకునే హెడ్‌సెట్లకు ఆరు పిన్నుల ప్లగ్గు ఉంటుంది. ఈ రెండూ అడాప్టర్‌కు నేరుగా పట్టవు. ప్యానెల్ కరెంటు మీద నడిచే హెడ్‌సెట్ మీదైతే బ్యాటరీ పెట్టె ఉన్న రకమో, మామూలు హెడ్‌సెట్ ఒకటో విడిగా బ్యాగులో ఉంచుకోవాలి.

పీటీటీ బటన్‌ను మరిచిపోకండి. అడాప్టర్ తగిలించాక చాలా సెట్లలో రేడియో పక్కనున్న బటన్ నొక్కే మాట్లాడాలి. రేడియో ఒడిలోనో, కాళ్ల మధ్యో ఉంటే ల్యాండింగ్ సమయంలో చెయ్యి అక్కడికి పోవడం మంచిది కాదు. అడాప్టర్‌కు విడి పీటీటీ స్విచ్ తగిలించే రంధ్రం ఉంటే వెల్క్రో పట్టీతో ఆ స్విచ్‌ను యోక్ ఎడమ కొమ్ముకు కట్టండి. వైరు కంట్రోళ్లకు చుట్టుకోకుండా, యోక్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, లాగి, నెట్టి చూడండి.

తగిలించాక ఎదురయ్యే ఇబ్బందులు దాదాపు ఎప్పుడూ ఇవే. ఒక చెవిలోనే వినపడుతుంటే హెడ్‌సెట్ స్టీరియోలో ఉంది, దాని మీదున్న చిన్న స్విచ్‌ను మోనోకు మార్చండి. మన గొంతు మనకు వినపడకపోతే రేడియో మెనూలో సైడ్‌టోన్ ఆన్ చేయాలి. అది లేకపోతే మనిషి తెలియకుండానే అరుస్తాడు, అరిస్తే మాట పగిలిపోతుంది. అవతలివాళ్లకు క్యారియర్ మాత్రం చేరి మాట వినపడకపోతే మైకు ప్లగ్గు పూర్తిగా లోపలికి పోలేదు, లేదా పాత మిలిటరీ రకం డైనమిక్ మైకు వాడుతున్నారు. పెదాలకు మైకు ఆరు మిల్లీమీటర్లకు మించి దూరం ఉంటే ఇంజిన్ చప్పుడు కలుస్తుంది.

## యాంటెన్నా: దూరం తేలేది ఇక్కడే

125 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 2.4 మీటర్లు. అందులో నాలుగో వంతు 60 సెంటీమీటర్లు, మంచి యాంటెన్నా ఉండాల్సిన పొడవు అది. రేడియోతో వచ్చే రబ్బరు యాంటెన్నా ఇరవై సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. జేబులో ఇమడటానికి చుట్టగా చుట్టి కుదించారు, అందుకే సిగ్నల్ నష్టపోతుంది. దాన్ని లోహపు క్యాబిన్‌లో పెడితే ఇంకొంత పోతుంది. ఫైబర్‌గ్లాస్ విమానాలు రేడియో తరంగాలను బాగానే వదులుతాయి. కార్బన్ ఫైబర్ మాత్రం లోహంలాగే అడ్డుకుంటుంది.

వీహెచ్ఎఫ్ చూపు మేరకే వెళ్తుంది. ఎత్తు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.23తో గుణిస్తే గరిష్ఠ దూరం నాటికల్ మైళ్లలో వస్తుంది. ఇక్కడ మనవాళ్లు పొరబడేది ఆల్టిమీటర్ అంకె దగ్గర. బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి దాదాపు 1,740 అడుగుల ఎత్తులో ఉంది. ఆల్టిమీటర్ 3,500 చూపిస్తున్నా దక్కన్ నేల మీద మన ఎత్తు 1,760 అడుగులే. వర్గమూలం 42, దూరం దాదాపు 52 నాటికల్ మైళ్లు. 2,500 దగ్గర ఎగిరితే అది 34కు పడిపోతుంది. ఇది అడ్డం లేనప్పటి లెక్క. కాక్‌పిట్ లోపల రబ్బరు యాంటెన్నాతో 10 నుంచి 15 నాటికల్ మైళ్లు వస్తే మంచిదే, టవర్ మన ఇంజిన్ వెనకో, రెక్క వెనకో పడిన దిశలో అంతకంటే తక్కువే వస్తుంది.

బయటి యాంటెన్నాకు కలిపే మార్గాలు రెండు. మొదటిది, హ్యాండ్‌హెల్డ్ కోసమే విడిగా ఒక యాంటెన్నా, దాని కేబుల్ చివర బీఎన్‌సీ ప్లగ్గు ప్యానెల్ కింద చేతికందేలా. రెండోది, ఇప్పుడున్న యాంటెన్నా కేబుల్ మధ్యలో ఒక జాక్ పెట్టె. అందులో హ్యాండ్‌హెల్డ్ ప్లగ్గు గుచ్చగానే ప్యానెల్ రేడియో ఆ యాంటెన్నా నుంచి విడిపోవాలి. ఈ విడిపోయే ఏర్పాటు లేని సాదా టీ జాయింట్ ఎప్పుడూ వాడకండి. ప్యానెల్ రేడియో పంపే 10 వాట్లు నేరుగా హ్యాండ్‌హెల్డ్ రిసీవర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తాయి. రెండు పద్ధతుల్లోనూ ఇది విమానంలో చేసే మార్పు కాబట్టి ఏఎంఈ (లైసెన్సున్న విమాన ఇంజినీరు) చేత, ఆమోదం ఉన్న పద్ధతిలోనే చేయించి, లాగ్‌బుక్‌లో రాయించాలి.

కేబుల్ విషయంలో ఒక జాగ్రత్త. కోఠి గుజరాతీ గల్లీలో బీఎన్‌సీ కేబుల్ అడిగితే చాలా దుకాణాల్లో సీసీటీవీ కెమెరాలకు వాడే ఆర్‌జీ-59 చేతిలో పెడతారు. అది 75 ఓమ్‌ల కేబుల్. మనకు కావాల్సింది 50 ఓమ్‌లది. నేల మీద పరీక్షలకు ఆర్‌జీ-58 చాలు, విమానంలో శాశ్వతంగా వేసేదానికి మంటను తట్టుకునే టెఫ్లాన్ పొరల ఆర్‌జీ-400 అడగండి. మూడు మీటర్ల ఆర్‌జీ-58లో ఈ బ్యాండ్ దగ్గర పోయేది అర డెసిబెల్, పట్టించుకోనక్కర్లేదు. అసలు నష్టమంతా సరిగ్గా క్రింప్ చేయని కనెక్టర్లో జరుగుతుంది. ప్లగ్గును చేత్తో మెల్లగా ఊపినప్పుడు గరగర వినపడితే ఆ కనెక్టర్ మార్చాల్సిందే. అమర్చాక ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చూపే) మీటరుతో 118, 127, 136 మెగాహెర్ట్జ్ దగ్గర కొలవమనండి. మూడు చోట్లా 2 కంటే తక్కువ ఉండాలి.

బయటి యాంటెన్నా వీలుకాని అద్దె విమానమైతే రబ్బరు యాంటెన్నాను నిలువుగా, కిటికీ అద్దానికి దగ్గరగా పట్టుకోండి. అడ్డంగా పడుకోబెడితే సిగ్నల్ బాగా పడిపోతుంది, ఎందుకంటే టవర్ యాంటెన్నాలు నిలువుగా ఉంటాయి. సరిపోకపోతే టవర్ ఉన్న వైపుకు ఆ కిటికీ తిరిగేలా విమానాన్ని తిప్పి మళ్లీ పిలవండి.

## ఇంట్లో చేసుకునే సెట్టింగులు

1. ఛానెల్ అంతరాన్ని 25 కిలోహెర్ట్జ్‌కు పెట్టండి. 8.33 ఐరోపాలో వాడేది. అది ఆన్‌లో ఉంటే 118.005 లాంటి అంకెలు మధ్యలో వచ్చి గందరగోళం చేస్తాయి.

2. వాక్స్ ఆఫ్ చేయండి. మాట వినగానే తనంతట తానే ప్రసారం మొదలుపెట్టే ఫీచర్ ఇది. కాక్‌పిట్‌లో ఇంజిన్ హోరును మాట అనుకుని ఆగకుండా ప్రసారం చేస్తుంది. అప్పుడు టవర్ ఫ్రీక్వెన్సీ మొత్తం మూసుకుపోతుంది, మిగతా విమానాలన్నిటికీ మీ వల్ల ప్రమాదం.

3. అదే కారణంగా టైమౌట్ టైమర్‌ను ఒక నిమిషానికో, రెండు నిమిషాలకో పెట్టండి. సీటు సందులో పీటీటీ నొక్కుకుపోయినా ప్రసారం దానంతటదే ఆగుతుంది.

4. పవర్ సేవ్ ఆన్‌లో ఉంటే రిసీవర్ కునుకు తీస్తూ లేస్తూ ఉంటుంది. పిలుపులో మొదటి అక్షరాలు, అంటే సరిగ్గా మీ కాల్‌సైన్, తెగిపోవచ్చు. ఎగిరేటప్పుడు ఆఫ్ చేయండి.

5. ఫ్రీక్వెన్సీలు మెమరీలో పెట్టుకోండి. ఏటీఐఎస్ (ఎయిర్‌ఫీల్డు వాతావరణం చెప్పే రికార్డు ప్రసారం), గ్రౌండ్ (నేల మీది విమానాల కంట్రోలర్), టవర్, అప్రోచ్ (దిగడానికి వచ్చే విమానాల కంట్రోలర్), పక్క ఎయిర్‌ఫీల్డులు, చివర 121.5. వాటిని స్నేహితుల వాట్సాప్ సందేశాల నుంచి కాక విమానాశ్రయాల సంస్థ ఏఏఐ ప్రచురించే ఈ-ఏఐపీ (అధికారిక సమాచార పుస్తకం) నుంచే తీసుకోండి. ఆ ప్రచురణలో మార్పులు 28 రోజుల చక్రంలో వస్తాయి, నోటమ్ (పైలట్లకు ఇచ్చే నోటీసు) ద్వారా మధ్యలోనూ వస్తాయి. ప్రతి చక్రానికీ ఒకసారి సరిచూసుకోండి.

6. స్క్వెల్చ్‌ను గరగర ఆగే చోటు కంటే కొద్దిగా మాత్రమే పైకి పెట్టండి. ఎక్కువ బిగిస్తే దూరం నుంచి వచ్చే బలహీనమైన జవాబు లోపలే ఆగిపోతుంది.

## నేల మీద, ఆ తర్వాత గాల్లో పరీక్ష

ఊరికే బటన్ నొక్కి చూడటానికి 50 ఓమ్‌ల, కనీసం 5 వాట్ల డమ్మీ లోడ్ ఒకటి కొనుక్కోండి. యాంటెన్నా స్థానంలో అది తగిలిస్తే ప్రసారం బయటికి పోదు. పీటీటీ పదిహేను సెకన్లు నొక్కి ఉంచండి. బ్యాటరీ గీతలు ఒక్కసారిగా కిందికి జారితే ఆ ప్యాక్ వయసు అయిపోయింది, కొత్తది కొనండి.

ఏప్రాన్ (విమానాలు నిలిపే చోటు) మీద ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గ్రౌండ్‌తో ఒకే ఒక్క రేడియో చెక్ అడగండి. పీటీటీ నొక్కి, అర సెకను ఆగి మాట్లాడండి. వినిపించే తీరుకు 1 నుంచి 5 దాకా అంకె ఇస్తారు, 5 అంటే స్పష్టంగా ఉన్నట్టు. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏటీఐఎస్ వింటూ ఉండండి. మాగ్నెటో (ఇంజిన్ స్పార్క్‌కు కరెంటు ఇచ్చే భాగం) చెక్ చేసేటప్పుడు ఒక మాగ్నెటో మీద టకటక శబ్దం ఎక్కువై రెండో దాని మీద తగ్గితే, మొదటి వైపు ఇగ్నిషన్ వైర్లలోనో ప్లగ్గు టోపీల్లోనో షీల్డింగ్ పాడైంది. ఏఎం రిసీవర్‌కు మెరుపు, స్పార్క్ రెండూ చప్పుడే. రోటాక్స్ టూ-స్ట్రోక్ ఇంజిన్ ఉన్న మైక్రోలైట్లలో ఇది తరచూ కనపడుతుంది. ఏఎంఈకి చెప్పి బాగుచేయించండి, రేడియో మార్చినా పోదు.

ఈ సమయంలోనే దిక్సూచిని చూడండి. రేడియో స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది. సెట్టును గ్లేర్‌షీల్డ్ (ప్యానెల్ పైనున్న చూరు) మీద పెడితే దిక్సూచి ముల్లు ఎంత కదులుతుందో కళ్లారా చూస్తే మళ్లీ అక్కడ పెట్టరు. కనీసం ఒక అడుగు దూరంలో ఉంచండి.

గాల్లో పరీక్షకు ఇన్‌స్ట్రక్టర్‌ను వెంట తీసుకెళ్లండి, రద్దీ లేని వేళ ఎంచుకోండి. ఆయన ప్యానెల్ రేడియో వింటూ ఉండగా మీరు మామూలుగా చేయాల్సిన పొజిషన్ రిపోర్ట్‌ను హ్యాండ్‌హెల్డ్ నుంచి చేయండి. పరీక్ష కోసం అదనపు పిలుపులు వద్దు. 5, 10, 15 మైళ్ల దగ్గర, టవర్ ముందున్నప్పుడూ వెనకున్నప్పుడూ జవాబు ఎలా వచ్చిందో నీబోర్డ్ (తొడకు కట్టుకునే పలక) మీద రాసుకోండి. మీ విమానానికి నిజంగా పనికొచ్చే అంకెలు అవే, డబ్బా మీది మైళ్లు కావు. రెండో పని: కళ్లు బయటే ఉంచి, బ్యాగులోంచి రేడియో తీసి, రెండు హెడ్‌సెట్ ప్లగ్గులు, యాంటెన్నా ప్లగ్గు మార్చి, టవర్ ఫ్రీక్వెన్సీ పెట్టే దాకా ఎంతసేపు పడుతుందో ఇన్‌స్ట్రక్టర్‌ను గడియారంతో కొలవమనండి. నిమిషం దాటితే సర్దిన తీరు మార్చాలి. బ్యాగు వెనక సీట్లో ఉంటే ఒంటరిగా ఎగిరేటప్పుడు అది అందదు. కుడి సీటు మీద, బెల్టుకు కట్టి ఉంచండి.

## కరెంటు పోయినప్పుడు వరస

నిశ్శబ్దం ఆవరించినంత మాత్రాన రేడియో పోయినట్టు కాదు. ముందు వాల్యూమ్, ఫ్రీక్వెన్సీ, ఆడియో ప్యానెల్ సెలెక్టర్, హెడ్‌సెట్ ప్లగ్గులు, సర్క్యూట్ బ్రేకర్ చూడండి. మోకాలు తగిలి ప్లగ్గు ఊడటం సర్వసాధారణం. పీటీటీ ఇరుక్కుపోయినా ఏమీ వినపడదు, ప్రసారం గుర్తు వెలుగుతోందా చూడండి.

తక్కువ వోల్టేజ్ దీపం వెలిగితే కథ వేరు. చెక్‌లిస్ట్ ప్రకారం ఆల్టర్నేటర్‌ను సరిచేసే ప్రయత్నం చేయండి. సరికాకపోతే అనవసరమైన లైట్లు, పరికరాలు ఆపేయండి. బ్యాటరీలో ప్రాణం ఉండగానే రెండు పనులు పూర్తి చేయాలి. ఒకటి, బలమైన ప్యానెల్ రేడియోతోనే పరిస్థితి, ఎక్కడున్నారు, ఏం చేయబోతున్నారు అన్నది టవర్‌కు చెప్పడం, హ్యాండ్‌హెల్డ్‌తో అదే ఫ్రీక్వెన్సీ మీద ఉంటానని కూడా. రెండు, రేడియో పూర్తిగా పోయేలా ఉంటే ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు గుర్తు పంపే పరికరం) రేడియో పోయిందని చెప్పే కోడ్ 7600 పెట్టడం. కరెంటు పోయాక అది కూడా పనిచేయదు. సెస్నా 152, 172లలో ఫ్లాప్స్ కూడా కరెంటు మీదే నడుస్తాయి కాబట్టి ఫ్లాప్స్ లేని ల్యాండింగ్‌కు ఇప్పుడే మనసులో సిద్ధపడండి. విద్యుత్ మంట వల్ల మాస్టర్ స్విచ్ ఆపాల్సి వస్తే వీటికి సమయం దొరకదు, అక్కడ మిగిలేది హ్యాండ్‌హెల్డ్ ఒక్కటే.

తర్వాత విమానాన్ని సమంగా ట్రిమ్ చేసి, హ్యాండ్‌హెల్డ్ ఆన్ చేయండి. యాంటెన్నా ప్లగ్గు, ఆ తర్వాతే హెడ్‌సెట్ ప్లగ్గులు. యాంటెన్నా లేకుండా పీటీటీ నొక్కితే ప్రసార భాగం దెబ్బతినవచ్చు. చివరగా మాట్లాడిన ఫ్రీక్వెన్సీ పెట్టండి. స్క్వెల్చ్ తెరిచి గరగర వింటూ వాల్యూమ్ సరిచేయండి. ఆ గరగర వినపడిందంటే హెడ్‌సెట్ దారి బాగున్నట్టే. కాల్‌సైన్‌తో పిలిచి, హ్యాండ్‌హెల్డ్ మీద ఉన్నామని చెప్పండి. కంట్రోలర్ అప్పటి నుంచి చిన్న చిన్న మాటల్లో, అవును కాదు జవాబులు సరిపోయేలా మాట్లాడతారు. మీరూ పొడుగు వాక్యాలు మానండి, ప్రసారమే బ్యాటరీని ఎక్కువగా తాగేది.

## జవాబు రాకపోతే

వినపడటం లేదంటే వాళ్లకూ మీ మాట వినపడటం లేదని అనుకోకండి. స్క్వెల్చ్ తెరిచే ఉంచి, సురక్షితమైతే, అనుమతి పరిధిలోనే కొంచెం ఎత్తు పెరిగి, కిటికీని టవర్ వైపు తిప్పి మళ్లీ పిలవండి. అయినా రాకపోతే "ట్రాన్స్‌మిటింగ్ బ్లైండ్" అని మొదలుపెట్టి, స్థానం, ఎత్తు, ఉద్దేశం రెండుసార్లు చెప్పండి. తర్వాత 121.5 ప్రయత్నించండి. అక్కడ పైన పోయే ఎయిర్‌లైన్ విమానం మీ మాట విని టవర్‌కు అందించగలదు, దానికి ఎత్తు ఉంది కాబట్టి మీ 1.5 వాట్లు సులువుగా చేరతాయి.

వాతావరణం బాగుంటే నియమం సూటిగా ఉంది: కళ్లతో చూస్తూ ఎగిరే స్థితిలోనే ఉండి, దగ్గర్లోని అనువైన ఎయిర్‌ఫీల్డులో దిగి, దిగినట్టు ఏటీసీకి (విమానాల రాకపోకల నియంత్రణ విభాగానికి) తెలపాలి. టవర్ వైపు చూస్తూ ఉండండి, లైటు సంకేతాలు వస్తాయి. గాల్లో ఉన్నప్పుడు నిలకడగా పచ్చ వస్తే దిగడానికి అనుమతి. మిణికే పచ్చ అంటే దిగడానికి తిరిగి రమ్మని. నిలకడ ఎరుపు అంటే ఇతరులకు దారిచ్చి చుట్టూ తిరుగుతూ ఉండమని. మిణికే ఎరుపు అంటే ఎయిర్‌ఫీల్డు సురక్షితం కాదు, దిగవద్దని. మిణికే తెలుపు వస్తే ఈ ఎయిర్‌ఫీల్డులోనే దిగి ఏప్రాన్‌కు రావాలి. అందిందని పగలు రెక్కలు ఊపి, రాత్రి ల్యాండింగ్ లైటు రెండుసార్లు వెలిగించి చెప్పాలి. కరెంటు లేని విమానంలో ఆ రెండోది కుదరదు, రాత్రి ఎగిరేవాళ్లు ఈ మాట మనసులో పెట్టుకోవాలి. ఒక టార్చి కూడా రేడియో పక్కనే ఉండాలి.

## రోజువారీ వాడకం, ఎండాకాలం

ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఏటీఐఎస్ వినడానికి హ్యాండ్‌హెల్డ్ వాడండి. విమానం బ్యాటరీ ఆదా అవుతుంది, రేడియో బాగుందని ప్రతిసారీ తెలుస్తుంది, చేతికి అలవాటూ అవుతుంది. దిగాక ఇంజిన్ ఆపే ముందు ఒక్కసారి 121.5 వినండి. సైరన్‌లాంటి మోత గట్టిగా వినపడితే గట్టి ల్యాండింగ్‌కు మీ ఈఎల్‌టీ (ప్రమాదం జరిగితే తనంతట తానే సంకేతం పంపే పరికరం) మోగిందేమో చూసుకోవాలి. ఉపగ్రహాలు 121.5 వినడం 2009 ఫిబ్రవరిలోనే మానేశాయి, ఇప్పుడు అవి 406 మెగాహెర్ట్జ్ మాత్రమే వింటాయి. 406 ఈఎల్‌టీలు దగ్గరికొచ్చాక వెతకడానికి వీలుగా 121.5 మీద కూడా పలుకుతాయి. మోగినట్టు తెలిస్తే ఆపేసి వెంటనే ఏటీసీకి చెప్పండి, లేకపోతే గాలింపు మొదలవుతుంది.

హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండలో ఏప్రాన్ మీద నిలిపిన విమానం లోపల వేడి యాభై డిగ్రీలు దాటుతుంది. రేడియోను అక్కడ వదిలితే బ్యాటరీ ప్యాక్ సామర్థ్యం ఒక్క వేసవిలోనే గమనించేంతగా తగ్గుతుంది, తెర నల్లబడి అంకెలు కనపడవు. ప్రతిసారీ బ్యాగుతో పాటు దించుకోండి. వేడిగా ఉన్న ప్యాక్‌ను వెంటనే ఛార్జర్ మీద పెట్టకండి, 45 డిగ్రీలు దాటిన సెల్‌కు ఛార్జింగ్ హాని. గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా అరగంట ఆగండి. నెలల తరబడి ఎగరని వానాకాలంలో సగం ఛార్జ్‌తో, రేడియో నుంచి విడదీసి పెట్టండి. మళ్లీ ఎగిరే ముందురోజు రాత్రి నిండుగా ఎక్కించండి.

ఏఏ సెల్స్‌ను పెట్టెలో ముందే పేర్చి ఉంచవద్దు. ఆల్కలైన్ సెల్స్ వేడికి కారి, స్ప్రింగులను తినేస్తాయి. ప్యాకెట్ విప్పకుండా పెట్టె పక్కనే రబ్బరు బ్యాండుతో కట్టి, గడువు తేదీని ప్యాకెట్ మీద పెద్ద అంకెలతో రాయండి. లిథియం ఏఏ సెల్స్‌ను మీ రేడియో మాన్యువల్ అనుమతిస్తే అవే మేలు, వేడిని తట్టుకుంటాయి, కారవు. ప్రతి నెలా ఒకటో తారీఖున బ్యాటరీ గీతలు, బీఎన్‌సీ పిన్ను, అడాప్టర్ ప్లగ్గు, సెల్స్ గడువు చూసి, టెక్ లాగ్ (విమానం సాంకేతిక రికార్డు పుస్తకం) పక్కనున్న చిన్న పుస్తకంలో తేదీ వేసి సంతకం చేయండి. క్లబ్ విమానమైతే ఆ పని ఒకరి పేరు మీద పెట్టండి, అందరి పని అయితే ఎవరూ చేయరు.